ఆ నీలం ఉత్తరం పంపమ్మా

చి.సౌ. అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వు, అల్లుడుగారు, పాప క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మొన్న ఫోన్లో "వదిలెయ్ నాన్నా, పెన్షన్ వస్తోంది కదా, ఈ వయసులో ఒక మెడల్ కోసం ఎందుకింత టెన్షన్" అన్నావు. నా బీపీ గురించి భయపడి అన్నావని నాకు తెలుసు. అప్పుడు ఏం చెప్పాలో తోచక "సరేలే" అని పెట్టేశాను. రెండు రోజులుగా అదే మనసులో తిరుగుతోంది. "ఫోన్లో రాని మాట ఉత్తరంలో వస్తుంది, రాసెయ్యండి" అని మీ అమ్మ అంది. అందుకే పొద్దున్నే టీ తాగి కూర్చున్నాను.

తిత్లీ తుఫాను గుర్తుంది కదా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస వరసలు వరసలుగా నేలకొరిగాయి. మీ తాత నాటిన కొబ్బరి చెట్లు పోయాయన్న ఏడుపులో, వెనక గది పెంకులు లేచిపోయి నా నల్ల ట్రంకుపెట్టెలోకి నీళ్లు దిగాయన్న సంగతి మూడో రోజుకి గాని చూసుకోలేదు. ఫౌజు నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్కు ముద్దైపోయింది. నకలు కావాలని మా రికార్డ్స్ ఆఫీసుకి రాస్తే కొన్ని నెలలకి వచ్చింది. దాన్ని అక్షరం అక్షరం చదవడం అదే మొదటిసారి.

2008లో వచ్చేసేటప్పుడు చదవలేదా అంటావేమో. చదవలేదమ్మా. 22 ఏళ్ల తరవాత ఇంటికి పోతున్నానన్న ధ్యాసలో, క్లర్క్ వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టి బయటపడ్డాను. అది నా తప్పే.

మెడల్స్ అని ఉన్న చోట సైన్య సేవా మెడల్ ఉంది, స్వాతంత్ర్యం వచ్చి 50 ఏళ్లైనప్పుడు ఇచ్చినది ఉంది, ఆపరేషన్ పరాక్రమ్ ఉంది, 9 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్ ఉంది. 20 ఏళ్లది లేదు. సియాచిన్ గ్లేషియర్ మెడల్ లేదు.

20 ఏళ్లది సులువుగానే సరిచేశారు. నేను చేరిన తేదీ, వచ్చేసిన తేదీ వాళ్ల దగ్గరే ఉన్నాయి, లెక్క కడితే తేలిపోయింది. సియాచిన్ దగ్గరే పీట ముడి పడింది. ఆ కాలానికి నా పత్రాల్లో పార్ట్ టూ ఆర్డరు ఏదీ లేదని, ఆ నెలల్లో నేను నా సొంత యూనిట్‌లోనే ఉన్నట్టు నమోదై ఉందని జవాబు వచ్చింది.

పార్ట్ టూ ఆర్డరు అంటే నీకు తెలియదు కదా. ఫౌజులో మనిషికి సంబంధించి ఏది జరిగినా, సెలవు గాని, బదిలీ గాని, పెళ్లి గాని, బిడ్డ పుట్టడం గాని, యూనిట్‌లో క్లర్క్ ఒక ఆర్డరు వేస్తాడు. అది రికార్డ్స్‌కి వెళ్లి షీట్ రోల్‌లో, అంటే ఆ మనిషి సర్వీసు చిట్టాలో, ఎక్కుతుంది. అందులో ఎక్కిందే జరిగినట్టు లెక్క. నా షీట్ రోల్ నకలు తెప్పించి చూశాను. నువ్వు పుట్టిన సంగతి ఉంది. 1996 ఫిబ్రవరి 9, కూతురు. దానికి పై వరసలో నేను ఉత్తరప్రదేశ్‌లో ఒక పీస్ స్టేషన్‌లో, అంటే సరిహద్దుకి దూరంగా ఉండే ప్రశాంతమైన చోట, ఉన్నట్టు ఉంది.

అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ కాగితం చదివేవాడికి ఏమనిపిస్తుంది? ఈ మనిషి రైలెక్కితే రెండు రోజుల్లో ఇంటికి చేరేంత దూరంలో ఉన్నాడు, అయినా బిడ్డ పుడితే చూడ్డానికి కూడా వెళ్లలేదు అనిపించదా? చిన్నప్పుడు నువ్వే అడిగేదానివి, "నేను పుట్టినప్పుడు నాన్న ఎందుకు రాలేదు" అని. మీ అమ్మ చెప్పిన జవాబు నిజం. కాగితం చెప్పేది అబద్ధం.

నేనెక్కడున్నానో నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. 1995 నవంబరులో రేడియో ఆపరేటర్‌గా నన్ను వేరే పల్టన్‌కి (పటాలానికి) అటాచ్‌మెంట్ మీద, అంటే తాత్కాలికంగా, పంపారు. మంచులో నడవడం, తాడు పట్టుకుని ఎక్కడం నేర్పించి, డిసెంబరు 17న పోస్టుకి ఎక్కించారు. ఎత్తు 18 వేల అడుగుల పైమాటే. ఏడుగురం. ఫైబర్ గుడిసెలో కిరోసిన్ స్టవ్ రాత్రీ పగలూ మండుతూ ఉండేది. ముక్కు చీదితే మసి వచ్చేది. వైర్‌లెస్ సెట్ బ్యాటరీలు చలికి చచ్చిపోతాయని చంటిపిల్లల్లా స్లీపింగ్ బ్యాగులో పక్కన పడుకోబెట్టుకునేవాణ్ణి. రోజూ సాయంత్రం కింద బేస్‌తో మాట్లాడి, ఏడుగురం బాగున్నామని చెప్పడం నా పని. ఒక రోజు ఒక గఢ్వాలీ కుర్రాడి తండ్రి పోయాడన్న కబురు నా చెవిలోనే పడింది. హెడ్‌ఫోన్ తీసి ఆ మాట అతనికి చెప్పాల్సినవాణ్ణి నేనే. ఆ తరవాత సెట్ కుయ్యిమంటే భయం వేసేది.

నువ్వు పుట్టిన కబురు మాత్రం ఆ సెట్‌లో రాలేదు. మీ మేనమామ టెలిగ్రాం నా పాత యూనిట్‌కి ఇచ్చాడు, అది అక్కడే పడి ఉంది. మీ అమ్మ రాయించిన ఉత్తరం 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) అడ్రసుకి వచ్చి, హెలికాప్టర్‌లో కిందికి చేరి, అక్కణ్ణుంచి రేషన్ మోసే వాళ్ల జేబులో పైకి వచ్చింది. మార్చి 3. అప్పటికి నీకు 23 రోజులు. "ఆడపిల్ల, నీ ముక్కే" అని ఉంది. మా సుబేదార్ సాబ్ టిన్నుల్లోంచి పైనాపిల్ ముక్కలు తీసి స్టవ్ మీద కరగబెట్టి అందరికీ పంచాడు.

ఆ రాత్రే జవాబు రాయడానికి కూర్చున్నాను. పెన్నులో సిరా గడ్డకట్టింది. నువ్వు దాచుకున్న ఆ ఇన్‌లాండ్ లెటర్ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడు. మొదటి రెండు లైన్లు రంగు లేని గీతలే. రీఫిల్ తీసి చంకలో పెట్టుకుని, వేడెక్కాక మూడో లైన్ నుంచి రాశాను. కుడి పక్కన జిడ్డు మరక కిరోసిన్‌ది. వెనక అడ్రసు పక్కన ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర ఉంది, మార్చి 14.

నాకిప్పుడు కావలసింది ఆ ముద్రేనమ్మా.

రికార్డ్స్ వాళ్లు ఆ కాలం నాటి పత్రం ఏదైనా ఉంటే పంపమన్నారు. ఈ నాలుగేళ్లలో నేను పోగు చేసినవి చెబుతాను. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి, నన్ను అటాచ్ చేసిన పల్టన్ నామినల్ రోల్, అంటే పేర్ల జాబితా, అడిగాను. ముందు లేదన్నారు. ఫస్ట్ అప్పీల్ వేశాక ఒక పేజీ నకలు వచ్చింది. అందులో నేనున్నాను, కానీ నేను కాదు. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్న మన వైపు వాళ్లందరికీ జరిగేదే నాకూ జరిగింది. అప్పల కాస్తా 'అపాల్' అయింది. ఇంటిపేరు అసలు పేరైంది. దాని పక్కన నా ఆర్మీ నంబర్లో 8 ఉండాల్సిన చోట 3 కొట్టి ఉంది. అంటే ఆర్డరు వేశారు, కానీ ఆ నంబరు మనిషి మా రికార్డ్స్‌లో లేడు. అది ఎవరి షీట్ రోల్‌లోనూ ఎక్కకుండా పోయింది.

ఆ పేజీని చూసి మొదట దిగాలు పడ్డాను. మన జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక రిటైర్డ్ సుబేదార్ కళ్లద్దాలు సర్దుకుని చూసి, "దీనికి దిగులెందుకు, ఇదే నీ సాక్ష్యం" అన్నాడు. ఆర్మీ నంబరు చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ముందున్న అంకెలను లెక్క కట్టి తెచ్చే అక్షరం అది. 3 పెట్టి లెక్క కడితే ఆ అక్షరం రాదు, 8 పెడితేనే వస్తుంది. కాబట్టి ఆ కాగితం మీద ఉన్నది నేనే. అంకె కొట్టినవాడి వేలు జారింది, అంతే. ఆ పెద్దాయన కార్బన్ పేపరు మీద లెక్క వేసి చూపిస్తుంటే, ఇన్నేళ్లకి ఒకరు నా మాట నమ్మారనిపించింది.

ఇంకో సాక్ష్యం నా ఎడమ కాలు. చిన్నప్పుడు ఆ రెండు వేళ్లు పట్టుకుని "ఇవెందుకు నల్లగా ఉన్నాయి" అనేదానివి. మంచు కొరికినవి అవి. వచ్చేసేటప్పుడు చేసిన మెడికల్ బోర్డు కాగితాల్లో ఆ సంగతి ఉంది. ఉత్తరప్రదేశ్ పీస్ స్టేషన్‌లో ఎవరికి కాలి వేళ్లు గడ్డకడతాయి? ఆ నెలల్లో జీతంలో పడిన అదనపు అలవెన్సు లెక్క కూడా పే ఆఫీసు నుంచి అడిగాను, అదింకా రావాలి.

వీటన్నిటికీ పైన నీ ఉత్తరం పెడితే, నా చేతిరాత, నా పేరు, తేదీ, ఫీల్డ్ ముద్ర అన్నీ ఒకే కాగితం మీద ఉంటాయి. అప్పీలు మళ్లీ రాస్తున్నాను. ఇది కూడా కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది, మా లాంటి వాళ్ల కోసమే 2007లో చట్టం చేసి పెట్టారు. అంతదాకా పోవాలని నాకు లేదు. వకీలు ఖర్చుకి నిన్ను అడగనని మాత్రం మాటిస్తున్నాను.

ఇంకో మాట. ఈ కాగితాలు తిరగేస్తున్నానని తెలిసి పక్క వీధి వాళ్లు కూడా వస్తున్నారు. ఒకాయన 1988లో శ్రీలంకలో ఉన్నాడు, శాంతి సేనలో. అక్కడ మనవాళ్లు దాదాపు 1,200 మంది చనిపోయారు. ఈయన తిరిగొచ్చాడు, పోయినేడు కన్నుమూశాడు. వాళ్లావిడకి ఆయనకి ఏ మెడల్స్ రావాలో తెలియదు, కాగితం మీద ఏముందో తెలియదు. ఆమె తరఫున కూడా ఒక దరఖాస్తు రాశాను. ఆమె వేలిముద్ర వేసేటప్పుడు చెయ్యి వణికింది. అది చూశాక నాది నేను వదిలెయ్యడం ఎలాగమ్మా?

మెడల్ వస్తే చొక్కా మీద పెట్టుకుని తిరుగుతానని కాదు. దాని అంచు మీద నంబరు, పేరు చెక్కి ఇస్తారు. ఈసారి 8 సరిగ్గా ఉందో లేదో నేను చూసుకోవాలి. షీట్ రోల్‌లో నీ పుట్టిన తేదీకి పై వరసలో సియాచిన్ అని ఉండాలి. పాప పెద్దదై ఎప్పుడైనా ఆ నకలు చదివితే, తాత ఆ రోజు ఎక్కడున్నాడో దానికి తెలియాలి.

ఉత్తరం విషయంలో మీ అమ్మ కూడా చెప్పమంది. తుఫానుకి ఆ ఒక్కటి ఎందుకు మిగిలిందో తెలుసా? ఆవిడ దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టలేదు. నువ్వు పుట్టిన ఏడాది నుంచీ బియ్యం డబ్బాలో ప్లాస్టిక్ కవరులో పెట్టి, డబ్బా మారినప్పుడల్లా మార్చుకుంటూ వచ్చింది. నీ పెళ్లికి నీ చేతిలో పెట్టింది. మళ్లీ అడుగుతున్నామని నొచ్చుకోకు. ఇక్కడ గెజిటెడ్ ఆఫీసరు చేత నకళ్ల మీద సంతకం చేయించి, అసలుది నీకు నేనే తెచ్చి ఇస్తాను. అసలు కాగితాన్ని ఎవరి చేతికీ ఇవ్వను.

లామినేషన్ చేయించకు, సిరా పోతుంది. రెండు అట్టముక్కల మధ్య పెట్టి స్పీడ్ పోస్టులో పంపు. ముద్ర ఉన్న మూల మడత పడకుండా చూసుకో. జీడిపప్పు, ఒక పనసకాయ ఈ ఆదివారం మన ఊరి కుర్రాడి చేత పంపిస్తున్నాం. పనస ఇంకా పచ్చిదే, నాలుగు రోజులు గోనెసంచిలో కప్పి ఉంచమని మీ అమ్మ చెప్పింది.

నాన్న