‘సన్నబడ్డావే’ అని మెచ్చుకోకండి

సంపాదకులకు,

సెలవులకు హాస్టల్ నుంచి వచ్చిన ఆడపిల్ల చిక్కిపోయి కనిపిస్తే, ‘పోన్లే, సన్నబడి కళగా ఉంది’ అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. తిండి మానేస్తున్న పిల్లకు ఆ మెచ్చుకోలే ఆజ్యం.

ఇలా తిండి మానేయడం ‘ఈటింగ్ డిజార్డర్’ అనే మానసిక సమస్య కావచ్చు. దాన్ని సోకు అని కొట్టిపారేస్తాం గానీ, అసలు మూలం తన విలువను బరువుతో తూచుకోవడంలో ఉంది. 95 మార్కులొచ్చినా పోయిన 5 కోసం కుమిలిపోయే స్వభావం, ఆందోళన, దిగులును పైకి చెప్పుకోలేకపోవడం, ఒళ్లు గురించి చుట్టాల ఎగతాళి తోడైతే ముప్పు పెరుగుతుంది. బుద్ధిమంతురాలని పేరున్న పిల్ల మీద ఎవరికీ అనుమానం రాదు.

డైటింగ్ కూడా మనసును మార్చేస్తుంది. 1945లో అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు ఆరు నెలలు అరకొర తిండి పెట్టారు. వాళ్లకు తిండి తప్ప మరో ధ్యాస లేకపోయింది, కొందరు వంటల పుస్తకాలు పోగేశారు, కొందరు అదుపు తప్పి తిన్నారు. డైటింగ్ చేసే పిల్ల విషయంలోనూ ఇదే జరుగుతుంది: పగలంతా కడుపు మాడ్చుకుని రాత్రి ఆబగా తినడం, ఆపైన సిగ్గుతో వాంతి చేసుకోవడం, మర్నాడు మళ్లీ పస్తు. మనోబలం లేక కాదు, ఆకలిగొన్న ఒళ్లు తన పని తాను చేస్తుంది. ఇలాంటి వాళ్ల బరువు మామూలుగానే ఉండొచ్చు కాబట్టి ఇంట్లో పసిగట్టలేరు.

భోజనం కాగానే బాత్‌రూమ్‌కు వెళ్లి కుళాయి తిప్పడం, నెలసరి ఆగడం, పళ్లు అరగడం గమనించండి. కావాలని వాంతి చేసుకుంటున్నావా, తినేటప్పుడు అదుపు తప్పుతోందా, మూడు నెలల్లో ఆరు కిలోలకు పైగా తగ్గావా, అందరూ సన్నగా ఉన్నావన్నా లావనిపిస్తోందా, తిండి ఆలోచనే రోజంతా నడిపిస్తోందా అని నెమ్మదిగా అడగండి. రెండింటికి అవునంటే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. వాంతులుంటే పొటాషియం పరీక్ష, ఈసీజీ తప్పనిసరి. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది.

చాలా రోజులు పస్తున్న పిల్లకు ఒక్కసారిగా నెయ్యన్నం, స్వీట్లు కుక్కకండి. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. తిండి పెంచడం డాక్టరు చెప్పిన లెక్కన సాగాలి. కంచం దగ్గర కాపలా కాసి పోట్లాడితే దాచడమే నేర్చుకుంటుంది. మాట్లాడేందుకు మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

మీ ఆరోగ్య పేజీకి ఒక విన్నపం: ‘వారంలో 5 కిలోలు’ శీర్షికలు, ముందూ తర్వాతా ఫొటోలు ఆపండి.

– ఒక క్లినికల్ సైకాలజిస్ట్, విజయవాడ