మన నాటక సమాజం 2024-25 వార్షిక నివేదిక: "పిలిచారు సరే, ఎన్నింటికి పిలిచారు?"

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మనం ఏం ఆడాం, ఏం ఆడలేకపోయాం, ముందు ఏం ఆడబోతున్నాం అన్నది ఈ నివేదిక. కార్యదర్శిగా నాకిది మూడోది. మొదటి రెండింటిలో ప్రదర్శనల పట్టిక రాసి, పద్దులు జతచేసి ఊరుకున్నాను. ఈసారి అలా రాయబుద్ధి కావడం లేదు. ఈ ఏడాది మన దగ్గర ఒక పద్ధతి మారింది, అది ఎందుకు మారిందో ఎలా మారిందో వివరంగా రాసిపెట్టుకోకపోతే రెండేళ్ళలో మళ్ళీ పాత దారిలో పడిపోతామని నా భయం.

2024 ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగంగారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం రోజున మనం సర్వసభ్య సమావేశం పెట్టుకున్నాం. ఆడపాత్రల సంగతి వచ్చింది. ఏటా వచ్చేదే. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎంత పిలిచినా ముందుకు రావడం లేదని ఒకరు, వాళ్ళకి ఆసక్తి లేదేమోనని ఇంకొకరు అన్నారు. వెనక వరసలో కూర్చున్న మన సభ్యుడి భార్య, మనందరికీ అక్కలాంటి మనిషి, లేచి నిలబడి ఒకే మాట అడిగింది. "పిలిచారు సరే, ఎన్నింటికి పిలిచారు?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. మన రిహార్సల్ రాత్రి తొమ్మిదికి మొదలై పదకొండున్నర, ఒక్కోసారి పన్నెండు దాకా సాగేది. షాపు కట్టేసి, డ్యూటీ దిగి, భోంచేసి వచ్చే మగవాళ్ళకి అనుకూలమైన టైము అది. ఆడవాళ్ళకి పొద్దున్నే ఐదింటికి మొదలయ్యే రోజు అప్పటికి ఇంకా పూర్తికాదు. పైగా మన గది మేడమీద, మెట్ల దగ్గర లైటు లేదు, పైన బాత్రూమ్ లేదు. ఇరవై ఏళ్ళుగా ఆ గదిలో నాటకాలు తయారుచేస్తున్నాం, ఈ మూడూ మనలో ఒక్కరికీ అడ్డంకిగా కనిపించలేదు, ఎందుకంటే మనకి అవి అడ్డంకులు కావు. ఆ రాత్రి నేను ఇంటికి వెళ్ళి మా ఆవిణ్ణి అడిగితే, "ఆసక్తి లేదని ఎవరన్నారు, మీరు వచ్చే టైముకి నేను నిద్రలో ఉంటాను" అంది.

మే 13న పోలింగ్ అయ్యేదాకా ఊళ్ళో మాకు హాలూ మైకూ ఏదీ కుదరలేదు కాబట్టి ఆ నెల రోజులూ మార్పులకే వాడుకున్నాం. మెట్లకి లైటు పెట్టించాం. కింది ఇంటివాళ్ళతో మాట్లాడి బాత్రూమ్ వాడుకునే ఏర్పాటు చేసుకున్నాం. రిహార్సల్స్ ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఆరు, బుధవారం సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర. పిల్లల్ని తీసుకురావచ్చు, ఆ రోజు సీనులో లేనివాళ్ళు ఎవరైనా పిల్లల్ని చూసుకోవాలి. వినడానికి చాలా చిన్న మార్పులు. కానీ ఈ మార్పు కొందరికి కష్టమైంది, అది దాచను. ఆదివారం షాపు వదిలి రాలేమని ఇద్దరు సీనియర్లు రావడం మానేశారు. నెలన్నరకి ఒకరు తిరిగొచ్చారు, ఇంకొకరు ఇంకా రాలేదు. ఆయన లేని లోటు నాకు ప్రతి రిహార్సల్‌లోనూ తెలుస్తోంది, అయినా టైము వెనక్కి మార్చకూడదనే నా అభిప్రాయం. జూలై చివరికి ఆరుగురు ఆడవాళ్ళు చేరారు. ఇద్దరు టీచర్లు, ఒకరు డిగ్రీ చదివే అమ్మాయి, మిగతా ముగ్గురు మన సభ్యుల ఇళ్ళవాళ్ళు.

ఇక్కడ తెనాలివాళ్ళుగా మనం ఒక మాట మాట్లాడుకోవాలి. మన ఊరికి నాటకంలో పెద్ద పేరుంది. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది ఇక్కడే. బాపట్ల నుంచి వచ్చిన స్థానం నరసింహారావుగారు ఇక్కడి శ్రీరామ విలాస సభలో సత్యభామగా నటిస్తే జనం బళ్ళు కట్టుకుని వచ్చి చూసేవారని మా తాతగారు చెప్పేవారు. 1956లో పద్మశ్రీ అందుకున్న మహానటుడాయన. ఆ గొప్పతనం అలా ఉండగానే, ఆడవేషం మగవాడు కట్టాల్సి రావడానికి కారణం అప్పట్లో చాలా కుటుంబాలు ఆడవాళ్ళని స్టేజీ ఎక్కనివ్వకపోవడం అన్నది కూడా నిజమే. ఆ రోజుల్లోనే నటుడు బళ్ళారి రాఘవగారు ఆడపాత్రలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టి, కుటుంబ స్త్రీలని ప్రోత్సహించి స్టేజీ మీదకి తీసుకొచ్చారు. ఆయన పుట్టింది 1880లో. మనం ఈ కాలంలో ఉండి కూడా రాత్రి తొమ్మిదింటికి రమ్మన్నాం.

వృత్తి నటీమణుల గురించి కూడా చెప్పాలి, లేకపోతే అపార్థం వస్తుంది. ఇన్నేళ్ళూ మన ఆడపాత్రలు నిలబెట్టింది వాళ్ళే. ఒక్కో పరిషత్తులో, అంటే నాటిక పోటీల్లో, ఒక్కొక్కరు రెండు మూడు సమాజాలకి నటిస్తారు, ఒక నాటికలో తల్లి, గంట తర్వాత ఇంకో నాటికలో కోడలు, మధ్యలో చీర మార్చుకునే వ్యవధి మాత్రమే. మనం వాళ్ళని ఒకటో రెండో రిహార్సల్స్‌కే పిలవగలం, అంతకంటే ఇచ్చుకునే స్తోమత మనకి లేదు. ఆ రెండు రిహార్సల్స్‌తోనే వాళ్ళు పాత్రని పండించారు. మనం దాన్ని చూసి ఆడపాత్రకి అంతే చాలనుకున్నాం, తప్పు అక్కడ జరిగింది. మనతో చాలా ఏళ్ళు నటించిన ఒక అమ్మ ఆగస్టులో మూడు ఆదివారాలు వచ్చి కొత్తవాళ్ళకి నేర్పింది. ఏడుస్తూ మాట్లాడేటప్పుడు మాట చివర మింగేయకుండా ఉండటం, ఎదుటివాళ్ళ డైలాగు నడుస్తున్నప్పుడు చేతుల్ని ఏం చేయాలి, మైకు వైపు వంగకుండా గొంతు ఎలా విసరాలి అన్నవి. ఆ మూడు ఆదివారాలూ నేను నోట్సు రాసుకుంటూ కూర్చున్నాను. ఆ నోట్సు గదిలో ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు.

ఇక ప్రదర్శన. కాళ్ళకూరి నారాయణరావుగారి వరవిక్రయం ఎంచుకున్నాం. కట్నం గురించిన నాటకం, వందేళ్ళ నాటిది. పాతబడిపోయింది, ఎవరు చూస్తారని కమిటీలో వాదన జరిగింది. కానీ చదువుతుంటే ఎక్కడా పాతగా అనిపించలేదు. కట్నం కోసం తండ్రి పొలం అమ్మకానికి పెట్టడం చూడలేక కాళింది ప్రాణం తీసుకుంటే, చెల్లెలు కమల అదే సంబంధం చేసుకుని, మేము పెళ్ళికొడుకుని కొనుక్కున్నాం కాబట్టి అతనే మా ఇంటికి రావాలి అని పెళ్ళికొడుకు తండ్రి, పిసినారి సింగరాజు లింగరాజుని కోర్టు దాకా లాగుతుంది. అక్కాచెల్లెళ్ళవి, తల్లి భ్రమరాంబది, మూడూ బరువైన ఆడపాత్రలే, ఒకటి రెండు రిహార్సల్స్‌తో తేలేవి కావు. పద్యాలు చాలావరకు తగ్గించి రెండు గంటలకి కుదించాం. రచయిత పోయి అరవై ఏళ్ళు దాటింది కాబట్టి హక్కుల సమస్య లేదు.

సెప్టెంబరు నెలాఖరుకి ఆడాలనుకున్నాం. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగిన సంగతి మీకు తెలుసు. మన హార్మోనిస్టు ఇల్లు సింగ్‌నగర్‌లో. మనుషులు మేడమీదకెక్కి బతికారు కానీ హార్మోనియం పెట్టె కింద గదిలో ఉండిపోయింది. నీళ్ళు తీశాక చూస్తే చెక్క ఉబ్బి మెట్లు లోపలికి దిగడం లేదు, రీడ్లు తుప్పు పట్టాయి, బెల్లోస్ కాగితంలా విడిపోయింది. ఆయన తండ్రిగారి కాలం నాటి పెట్టె అది. నాటకం వాయిదా వేశాం, పోస్టర్లకి దాచిన డబ్బుతో నాలుగు కుటుంబాలకి సరుకులు, దుప్పట్లు కొనిచ్చాం. సభ్యులు విడిగా చందా వేసుకుని డిసెంబరులో ఆయనకి వేరే హార్మోనియం కొన్నారు. సెకండ్ హ్యాండే, కానీ శ్రుతి బాగుంది. చందా ఇచ్చినవాళ్ళు పేర్లు రాయొద్దన్నారు.

జనవరి 19, సంక్రాంతి వెళ్ళిన ఆదివారం, సాయంత్రం ఆరున్నరకి తెర లేచింది. లోటుపాట్లు ముందు చెప్తాను. అద్దెకి తెచ్చిన మైకుల్లో ఎడమవైపుది మొదటి అంకం అంతా గరగరమంటూనే ఉంది, ముందు రోజు పరీక్షించుకోకపోవడం మన తప్పే. రెండో రంగం మార్పిడికి చాలాసేపు పట్టింది, హాల్లో మాటలు మొదలయ్యాయి. లింగరాజు వేషధారికి జ్వరం, గొంతు బాగా బొంగురుపోయింది, అయినా ఆడారు. ఆ బొంగురు ఆ పాత్రకి సరిపోయిందని చూసినవాళ్ళు అంటే ఆయనకి కొంత ఊరట.

కాళింది ఆఖరి సీను గురించి మాత్రం కాస్త ఎక్కువ రాస్తాను. రిహార్సల్‌లో ఆ సీన్లో వెనక నుంచి విషాదరాగం పెట్టాం. కాళింది వేసిన డిగ్రీ అమ్మాయి, "వద్దు సార్, ఆ టైములో ఇంట్లో వాళ్ళందరూ నిద్రపోతుంటారు కదా, ఏ చప్పుడూ ఉండదు" అంది. హార్మోనియం ఆపేశాం. ప్రదర్శనలో ఆ అమ్మాయి చెప్పులు విడిచి గుమ్మం పక్కన సర్ది, నిద్రపోతున్న చెల్లెలికి దుప్పటి కప్పి, వింగులోకి నడిచి వెళ్ళింది. అంతే. హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. నేను ముప్పై ఏళ్ళుగా నాటకాలు చూస్తున్నాను, ఆడిస్తున్నాను, అంత నిశ్శబ్దం చాలా తక్కువసార్లు విన్నాను. దుప్పటి కప్పడం మేము చెప్పింది కాదు, ఆరు నెలల రిహార్సల్స్‌లో తనకి తోచింది. నేను ఈ నివేదిక ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఆ దుప్పటే. పాత్రతో ఆరు నెలలు ఉంటేనే అలాంటిది పుడుతుంది.

పిల్లల పద్యాల శిబిరం మే చివర పదిహేను రోజులు నడిచింది. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగంలో రాయబారం పద్యాలు నేర్పాం. పిల్లలకి వరసలు ఫోన్లలో విని ముందే వచ్చు, మాటలు ఎక్కడ విడగొట్టాలో రాదు. అందుకని మొదటి వారం రాగం ఎత్తనివ్వలేదు, అర్థం చెప్పుకోవడం, వచనంలా చదవడం మాత్రమే. కొందరు తల్లిదండ్రులు పాడించడం లేదేమిటని అడిగారు. పద్యం మాట్లాడటం రాకుండా పాడటం నేర్పితే నటన రాదని నేను గట్టిగా నమ్ముతాను, వచ్చే ఏడాది కూడా ఇలాగే నేర్పుతాం.

నవంబరులో మన మేకప్ పెద్దాయన కన్నుమూశారు. స్పిరిట్ గమ్ సీసా, జడలు, మీసాలు, రంగుల పెట్టె అన్నీ వాళ్ళబ్బాయి తెచ్చి గదిలో అప్పగించాడు. జనవరిలో మన కుర్రాడొకడు ఆ పెట్టెతోనే అందరికీ మేకప్ వేశాడు. పెద్దాయన చేతి కింద రెండేళ్ళు పనిచేసినవాడే.

పద్దులు విడిగా జతచేశాం, కోశాధికారి సమావేశంలో వివరిస్తారు. ఖర్చులో పెద్ద వాటా ఎప్పటిలాగే హాలు అద్దె, లైట్లు. సభ్యత్వ రుసుము మాత్రం సగం మందికి పైగా బాకీ ఉన్నారు, దయచేసి ఈ నెలలో కట్టండి.

ఇక ముందుకి. నవంబరు 30 గురజాడగారి వర్ధంతి, ఈ ఏడాది ఆదివారం పడింది. ఆ రోజు కన్యాశుల్కం ఆడబోతున్నాం. 1892లో విజయనగరంలో మొదట ఆడిన నాటకం, ఇప్పుడు మనం చదివేది 1909లో ఆయన బాగా పెంచి తిరగరాసిన కూర్పు. ఏడంకాలూ ఆడితే రాత్రి తెల్లారుతుంది. మనం రెండున్నర గంటలకి కుదిస్తాం. గిరీశం భాగాలు తగ్గించొద్దని చాలామంది అడుగుతున్నారు, వాళ్ళ ఇష్టం నాకు అర్థమవుతుంది, కానీ లుబ్ధావధాన్లు పెళ్ళి కథే వెన్నెముకగా, మధురవాణి కేంద్రంగా ఆడాలని కమిటీ నిర్ణయం. మధురవాణి, బుచ్చమ్మ, వెంకమ్మ, మీనాక్షి, పూటకూళ్ళమ్మ, ఐదు పాత్రలకీ ఇప్పుడు మన దగ్గర మనుషులున్నారు. కరటకశాస్త్రి ఆడపిల్ల వేషం వేయించి అమ్మే శిష్యుడి పాత్రకి మాత్రం పదమూడు పద్నాలుగేళ్ళ అబ్బాయి కావాలి, చలాకీగా ఉండాలి. మీ ఇళ్ళల్లో ఉంటే చెప్పండి. యాస మనకి అసలైన పరీక్ష. మన కృష్ణాతీరపు మాట విజయనగరం వైపు యాసలో నడిచే ఆ సంభాషణలకి అతకదు. బొబ్బిలి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మన సభ్యుడు ప్రతి బుధవారం అరగంట యాస కోసమే కూర్చోబెడతారు.

పరిషత్తులకి ఒక కొత్త నాటిక కూడా తయారవుతోంది, మన సభ్యురాలే రాస్తోంది. కొల్లూరు లంకల్లో అరటి వేసి, వరదకి తోట పోగొట్టుకున్న కౌలు రైతు ఇల్లాలి కథ. పొలం కాగితాలు ఆసామి పేరున ఉంటే నష్టపరిహారం ఎవరికి వస్తుందన్నది అందులో ముడి. మొదటి ప్రతి చదివాను, చివరి పది నిమిషాలు ఇంకా బిగువు రావాలి, రచయిత్రికి కూడా ఆ మాటే చెప్పాను. గంట లోపు కుదిరితే సంక్రాంతి తర్వాత పంపుదాం.

కన్యాశుల్కం మొదటి పఠనం జూన్ 1 ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, మన గదిలోనే. గురజాడగారి జయంతి సెప్టెంబరు 21 కూడా ఆదివారమే, ఆ రోజుకి పుస్తకం చేతిలో లేకుండా మొత్తం ఒకసారి ఆడి చూసుకోవాలి. పాత్ర ఉన్నా లేకపోయినా పఠనానికి రండి. పుస్తకం లేనివాళ్ళు ముందు రోజు చెప్తే జిరాక్సు తీయించి ఉంచుతాం.

కార్యదర్శి