మడత స్ప్రే బూత్: ముందు గాలికి దారి, తర్వాతే దుమ్ముకు అడ్డు

సంపాదకులకు నమస్కారం.

చెక్క సామానుకు గన్‌తో పాలిష్ కొట్టే చిన్న వర్క్‌షాపుల్లో విడిగా గది కట్టుకునే చోటు లేనివారు, పని ఉన్నప్పుడు నిలబెట్టి, అయ్యాక మడిచి గోడకు ఆనించే స్ప్రే బూత్‌ను సొంతంగా తయారు చేసుకుంటూ ఉంటారు. ఆలోచన మంచిదే. కానీ చాలామంది దానిని తడి పూత మీద దుమ్ము పడకుండా కట్టే తెరగానే చూస్తున్నారు. గాలిని బయటికి లాగే ఏర్పాటేమీ లేకుండా, మూడు వైపులా మూసి లోపల లక్కర్ (త్వరగా ఆరే మెరుగు పూత) కొట్టడం కంటే ఆరుబయట కొట్టుకోవడమే మేలని ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా చెప్పదలచుకున్నాను.

నా మొదటి బూత్ పీవీసీ పైపుల చట్రానికి పల్చటి ప్లాస్టిక్ పట్టా చుట్టి కట్టినది. ఫ్యాన్ వేయగానే పట్టా లోపలికి ఉబ్బి, అప్పుడే రెండో పూత వేసిన అల్మరా తలుపుకు అతుక్కుపోయింది. ఊడదీస్తే పట్టా ముడతలు ఒక్కటీ పోకుండా తలుపు మీద అచ్చుపడ్డాయి. చెక్క తేలేదాకా మళ్లీ గీకవలసి వచ్చింది. పట్టా పల్చన కావడం ఒక తప్పయితే, గాలి వచ్చే సందును నేను మరీ ఇరుకుగా పెట్టడం అంతకంటే పెద్ద తప్పు. బయటికి ఎంత గాలి పోతుందో అంత గాలి లోపలికి రావాలి.

ఇప్పుడు వాడుతున్నది పల్చటి ప్లైవుడ్ పలకలను బందులతో కలిపి చేసుకున్నది. వెనుక పలకలో స్ప్రే బూత్‌ల కోసమే వచ్చే ఫైబర్‌గ్లాస్ ఫిల్టర్లు, వాటి వెనుక ఫ్యాన్ ఉంటాయి. పైన ఒక పలక కప్పుగా కూర్చుంటుంది. ముందు భాగం తెరిచే ఉంటుంది. ఫ్యాన్ కొనే ముందు చిన్న లెక్క వేసుకోవాలి. తెరిచిన నోరు 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు అయితే వైశాల్యం 24 చదరపు అడుగులు. గాలి నిమిషానికి సుమారు 100 అడుగుల వేగంతో కదలాలన్నది ఈ పనిలో చిరకాలంగా వాడే కొలత కనుక, నిమిషానికి 2,400 ఘనపుటడుగుల గాలిని లాగే ఫ్యాన్ కావాలి. ఫిల్టర్ అడ్డు వల్ల ఏ ఫ్యానూ దాని మీద రాసినంత లాగదు కాబట్టి కొంత ఎక్కువ శక్తి గలదే తీసుకోవాలి. నేను బూత్ నోటి దగ్గర పల్చటి కాగితం పీలిక వేలాడదీస్తాను. అది లోపలికి వాలడం తగ్గిందంటే ఫిల్టర్ నిండిపోయిందని అర్థం.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఫ్యాన్ మోటారు. లక్కర్‌ను పల్చన చేయడానికి కలిపే థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువైనది; నేల వెంట పాకి దూరాన ఉన్న నిప్పును కూడా చేరగలదు. థిన్నర్‌లో ఉండే టోలీన్ అనే ద్రావకం ఆవిరి గాలిలో నూటికి 1.2 పాళ్లకు చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అలాంటి గాలిని మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోటారు మీదుగా లాగడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర లేదు. లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించకుండా కట్టిన ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారు గానీ, మోటారు గాలి దారికి బయట ఉండి బెల్టుతో రెక్కలను తిప్పే ఫ్యాన్ గానీ ఉండాలి. ఆ ఖర్చు పెట్టుకోలేనివారు మడత బూత్‌లో నీటితో కలిపే పాలిష్‌లు మాత్రమే వాడాలని నా గట్టి అభిప్రాయం. స్విచ్చులు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, కంప్రెసర్ ఎలాగూ బూత్‌కు దూరంగానే ఉండాలి.

పూతను గట్టిపరచే హార్డెనర్ కలిపే పీయూ (పాలీయురేథేన్) పాలిష్‌ను సొంతంగా కట్టుకున్న బూత్‌లో కొట్టవద్దని తోటి పనివారిని వేడుకుంటున్నాను. ఆ హార్డెనర్‌లోని ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులకు చేరి శాశ్వతమైన ఉబ్బసం తెప్పించగలవు. ముక్కుకు కట్టుకునే దుమ్ము మాస్కు ఏ ఆవిరినీ ఆపదు. లక్కర్‌కైనా బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు తప్పనిసరి.

పని అయ్యాక వెంటనే మడిచేయకూడదు. వాసన పోయేదాకా ఫ్యాన్ తిరగనిచ్చి, ఫిల్టర్లు తీసి, రెక్కలకు పట్టిన పొడిని గీకాలి. ఎండిన నైట్రోసెల్యులోజ్ లక్కర్ పొడి చిటికెడైనా భగ్గున మండుతుంది. ఆ పొడినీ పాత ఫిల్టర్లనూ నేను నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేసి, మూతపెట్టి, షెడ్డు బయట ఉంచిన తర్వాతే పలకలు మడుస్తాను.

ఇట్లు,
ఒక వడ్రంగి