హాష్‌రేటు మీద మోజు, మీటరు మీద నిర్లక్ష్యం

సంపాదక మహాశయులకు నమస్కారం.

ఇళ్ళలో గ్రాఫిక్స్ కార్డులతో క్రిప్టోకరెన్సీ మైనింగ్ (కార్డుల చేత అదేపనిగా లెక్కలు చేయించి డిజిటల్ నాణేలు సంపాదించే పని) చేసేవారి గురించి పత్రికల్లో వచ్చే రాతలు ఎక్కువగా నాణెం ధర ఎంత పెరిగింది, ఎంత పడింది అన్న చోటే ఆగిపోతున్నాయి. ఆ కార్డులను ఇంట్లో ఏ స్థితిలో నడుపుతున్నారు, వాటికి చేసే ట్యూనింగ్ అంటే ఏమిటి, అది గతి తప్పితే ఇంటికీ ఇంటి బిల్లుకూ ఏమవుతుంది అన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. 2021 మార్చి నుంచి 2022 సెప్టెంబరు వరకు మా మేడ మీది గదిలో ఆరు కార్డులతో స్వయంగా మైనింగ్ చేసినవాడిని, ఇప్పుడు విజయవాడలో కంప్యూటర్ల మరమ్మతు మీద బతుకుతున్నవాడిని కనుక, ఈ విషయాన్ని మీ పాఠకుల ముందు పెట్టవలసిన బాధ్యత నాకుందని భావించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటి నెలలో మా వీధిలో ఇంజనీరింగ్ చదువుతున్న అబ్బాయి ఒకరు నా దగ్గరికి వచ్చాడు. వాళ్ళమ్మగారు చీటీ పాడి ఇచ్చిన డబ్బుతో మూడు పాత ఆర్‌ఎక్స్ 580 కార్డులు కొని, ఇథీరియం క్లాసిక్ అనే నాణేన్ని మైనింగ్ చేస్తున్నాడు. తెర మీద ఒక్కో కార్డు హాష్‌రేటు, అంటే లెక్కలు చేసే వేగం, 32 మెగాహాష్‌లు (సెకనుకు 3.2 కోట్ల లెక్కలు) చూపిస్తుంటే, చాలామంది కార్డులను కలిపి తవ్వించి రాబడి పంచే పూల్ లెక్కలో మాత్రం 24 దగ్గరే ఆగిపోతోంది. "అన్నయ్యా, కార్డులు బాగానే తవ్వుతున్నాయి, పూల్ వాళ్ళే నా వాటా కొట్టేస్తున్నారు" అని అతని ఫిర్యాదు. ఏదో వీడియోలో చూసి అతను మెమరీ క్లాకును, అంటే మెమరీ పనిచేసే వేగాన్ని, 2,250 మెగాహెర్ట్జ్ దాకా పెంచి పెట్టాడు. కార్డు లోపలి అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూ‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే మెమరీ తప్పుల లెక్క మా కళ్ళ ముందే వేలల్లో పెరుగుతూ పోతోంది. కార్డు లెక్కలు చేస్తున్న మాట నిజమే, కానీ వాటిలో చాలావాటికి జవాబు తప్పు, తప్పు జవాబుకు పూల్ డబ్బివ్వదు. క్లాకును 2,000కు దించితే తెర మీద అంకె 29.5కు తగ్గింది, మర్నాటికి పూల్ లెక్క 29కి పెరిగింది. ఆ అబ్బాయి రెండు అంకెలనూ మార్చి మార్చి చూసుకుని, ఇన్నాళ్ళూ మూడు నెలల కరెంటు వృథా చేశానా అని అడిగాడు. చేశావని చెప్పడానికి నాకు మనసు రాలేదు గానీ, చెప్పక తప్పలేదు.

ట్యూనింగ్ అనగానే బండి యాక్సిలరేటర్ తొక్కినట్టు వేగం పెంచడమే అనుకోవడం వల్ల వస్తున్న చిక్కు ఇది. ఇథీరియం అనే నాణెం 2015 జూలైలో మొదలైనప్పుడు దానికి ఎంచుకున్న ఇథాష్ అనే లెక్క పద్ధతిలో (ఇథీరియం క్లాసిక్ వాడేదీ దాని రూపాంతరమే) ఒక్కో హాష్‌కు మెమరీలోంచి ఎక్కడెక్కడో ఉన్న 64 ముక్కలను, ఒక్కొక్కటి 128 బైట్ల చొప్పున, అంటే మొత్తం 8 కిలోబైట్లను చదవవలసి ఉంటుంది. ఆర్‌ఎక్స్ 580 మెమరీ సెకనుకు 256 గిగాబైట్లు అందించగలదు కనుక, భాగహారం చేస్తే ఆ వేగం దగ్గర ఆ కార్డుకు 31 మెగాహాష్‌ల పైచిలుకుకు మించి రావు. లెక్క చేసే కోర్ ఎంత పరుగెత్తినా మెమరీ నుంచి వచ్చే సరుకు కోసం ఎదురుచూస్తూ నిలబడవలసిందే, నిలబడినంతసేపూ కరెంటు తాగుతూనే ఉంటుంది. అందుకే తెలిసినవాళ్ళు మొదట చేసే పని కోర్ క్లాకును 1,340 నుంచి 1,150 దరిదాపులకు దించి, దానితో పాటు వోల్టేజిని 1.15 నుంచి 0.85 వోల్టుల వరకు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావడం. చిప్పు వాడే విద్యుత్తు వోల్టేజి వర్గాన్ని (వోల్టేజిని వోల్టేజితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది కాబట్టి, ఈ ఒక్క తగ్గింపుతోనే కోర్ ఖర్చు దాదాపు సగానికి వస్తుంది, హాష్‌రేటు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. మెమరీని పెంచడం ఆ తర్వాతి పని. 25 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచి, ప్రతిసారీ కొన్ని గంటలు ఆగి, ఒక్క తప్పు కనిపించినా రెండు మెట్లు వెనక్కు రావాలి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ కార్డులైనా ఒకదానిపై శామ్‌సంగ్ మెమరీ, మరొకదానిపై హైనిక్స్, ఇంకొకదానిపై మైక్రాన్ ఉంటాయి. ఒకదానికి సరిపోయిన అంకె పక్కదానికి సరిపోదు. వీడియోల్లో చెప్పే అంకెలను ఉన్నవున్నట్టు దించుకోవడం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది. నాణెం మారినా అంతే. రేవెన్‌కాయిన్ అనే మరో నాణెం వాడే కావ్‌పౌ పద్ధతికి కోర్ బలం కావాలి, ఇథాష్‌కు సరిపడా దించిన వోల్టేజితో దాన్ని నడిపితే కార్డు ఉన్నపళంగా ఆగిపోవచ్చు.

అయితే ఎంత తగ్గించామో తెలిసేదెలా? ఇక్కడే నేను మొదట్లో పెద్ద పొరపాటు చేశాను. సాఫ్ట్‌వేర్ చూపించే వాట్లను నమ్మాను. ఆర్‌ఎక్స్ 580 వంటి పాత ఏఎండీ కార్డుల్లో ఆ అంకె చిప్పు ఒక్కదానిదే, మెమరీ, బోర్డు, ఫ్యాన్లు, పవర్ సప్లైలో వేడిగా పోయేది అందులో కలవవు. తెర మీద 80 వాట్లని కనిపిస్తుంటే గోడ దగ్గర 115 నడుస్తుంటుంది. ప్లగ్గుకూ సాకెట్టుకూ మధ్య పెట్టుకునే వాట్ మీటరు ఒకటి కొనుక్కోవడం మంచిది. అదీ వద్దనుకుంటే ప్రతి ఇంటికీ ఉన్న కరెంటు మీటరే చాలు. చాలా మీటర్ల మీద యూనిట్‌కు 3,200 ఇంపల్సులని ముద్రించి ఉంటుంది, అంటే ఒక యూనిట్ తిరిగేలోగా ఆ ఎర్ర దీపం 3,200 సార్లు వెలిగి ఆరుతుంది. ఒక రాత్రి ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్ సహా అన్నీ ఆపి, మెట్ల కింద చేతిగడియారం పట్టుకుని కూర్చుని ఆ దీపాన్ని లెక్కపెట్టాను. ట్యూనింగ్‌కు ముందు నిమిషానికి 54 సార్లు వెలిగింది, అంటే సుమారు 1,010 వాట్లు. వోల్టేజి తగ్గించిన తర్వాత 39 సార్లు, అంటే 730 వాట్లు. తేడా 280 వాట్లు. చూడటానికి నాలుగు సీలింగ్ ఫ్యాన్ల ఖర్చంతే, కానీ ఆగకుండా నెలంతా నడిస్తే అదే 200 యూనిట్లు అవుతుంది.

మన రాష్ట్రంలో 2022లో ఖరారైన గృహ వినియోగ శ్లాబుల ప్రకారం 226 నుంచి 400 వరకు యూనిట్‌కు 8 రూపాయల 75 పైసలు, 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. మామూలుగా నెలకు 250 యూనిట్లు వాడే ఇంట్లో ఈ 730 వాట్ల యంత్రం పెడితే మరో 525 యూనిట్లు అదనంగా పడి, సర్దుబాటు చార్జీలు, సుంకం కలపకుండానే బిల్లు దాదాపు 5,000 రూపాయలు పెరుగుతుంది. ట్యూనింగ్ చేయకపోతే దాని మీద ఇంకో 2,000 దాకా పడుతుంది. చవక కరెంటున్న దేశాలవాళ్ళు తమ లెక్క ప్రకారం చూపించే లాభం, పై శ్లాబుల్లోకి ఎగబాకిన మన ఇంటి బిల్లు ముందు నిలవదు.

వేడి సంగతి వేరే చెప్పాలి. యంత్రం తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగానే గదిలోకి వస్తుంది. 730 వాట్లంటే ఒక చిన్న రూమ్ హీటరు రాత్రింబవళ్ళు వెలుగుతున్నట్టే. బెజవాడ మే నెల ఎండల్లో, కాంక్రీటు పైకప్పు కింది గదిలో ఆ హీటరు పెట్టుకుని, దాన్ని చల్లబరచడానికి ఏసీ వేస్తే ఆ బిల్లు మళ్ళీ అదనం. ఆర్‌టీఎక్స్ 3080 వంటి కార్డుల్లోని జీడీడీఆర్6ఎక్స్ మెమరీతో మరో మోసం ఉంది. కోర్ వేడి 60 డిగ్రీలే కదా అని యజమాని నిశ్చింతగా ఉంటాడు. అదే సమయంలో మెమరీ లోపలి వేడి 110కి చేరి, కార్డు తనంతట తాను వేగం తగ్గించుకుంటూ ఉంటుంది. నా దగ్గరికి మరమ్మతుకు వచ్చిన అలాంటి కార్డులు విప్పితే, మెమరీకీ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే థర్మల్ ప్యాడ్ ఎండిన సున్నంలా పొడిపొడిగా రాలిన సందర్భాలున్నాయి. ఆ కార్డులు నడిపేవారు మెమరీ జంక్షన్ ఉష్ణోగ్రత అనే అంకెను వెతికి చూడాలి, అది 90 దాటుతుంటే క్లాకు దించాలి.

నా స్వానుభవం ఒకటి కూడా చెప్పాలి. మదర్‌బోర్డు మీద ఆరు కార్డులు పట్టవు కాబట్టి రైజర్లు అనే పొడిగింపు ముక్కల ద్వారా కలుపుతాం. నాకు అమ్మిన వ్యక్తి ఆ రైజర్లకు కరెంటు అందించడానికి, హార్డ్ డిస్కులకు వాడే సాటా కనెక్టరు వైర్లే ఇచ్చాడు, నేనూ అడగలేదు. స్లాటు ద్వారా కార్డు 75 వాట్ల దాకా లాగవచ్చు, సాటా కనెక్టరులోని 12 వోల్టుల పిన్నులు మోయగలిగేది 54 వాట్లు మాత్రమే. ఈ రెండు అంకెలూ నాకప్పుడు తెలియవు. 2021 జూన్‌లో ఒక తెల్లవారుజామున కాలిన ప్లాస్టిక్ వాసనకు మా అమ్మ నన్ను లేపింది. పైకి వెళ్ళి చూస్తే కనెక్టరు నల్లబడి కరిగి, పవర్ సప్లై వైరుకు అతుక్కుపోయి ఉంది. పక్కనే కిటికీ తెర, దాని కింద పాత పుస్తకాల అట్టపెట్టె. మెయిన్ కట్టేసి, వైరు లాగి, అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. రైజరుకు గ్రాఫిక్స్ కార్డుల కోసం ఉండే ఆరు పిన్నుల పీసీఐఇ వైరే వాడాలని, సన్న తీగల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇలాంటి యంత్రాన్ని తగిలించకూడదని, మేమంతా నిద్రపోతున్న ఇంట్లో దాన్ని ఒంటరిగా వదలకూడదని నాకు తెలిసివచ్చింది ఆ రోజే. ట్యూనింగ్ నేర్పే వీడియోల్లో ఈ మాట మొట్టమొదట రావాలి, చాలావాటిలో చివర కూడా రావడం లేదు.

ఇంత జాగ్రత్తగా ట్యూన్ చేసినా లెక్క తేలకపోవచ్చునన్నది కూడా దాచకూడదు. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం మైనింగ్ పద్ధతినే వదిలేసింది. ఆ ఒక్కరోజుతో ప్రపంచమంతటా ఎన్నో కార్డులు మిగిలిన చిన్న నాణేల మీద పడ్డాయి, పంచుకునేవాళ్ళు ఎక్కువై ఒక్కొక్కరి వాటా పడిపోయింది. పన్ను మరో పక్క. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను ఉంది. కొన్న ధర తప్ప మరే ఖర్చూ మినహాయించుకోవడానికి వీల్లేదు. మైనింగ్ యంత్రాలకు పెట్టిన ఖర్చును కొన్న ధరగా పరిగణించబోమని అదే ఏడాది మార్చిలో కేంద్రం లోక్‌సభలో స్పష్టం చేసింది. ఆ అబ్బాయి మూడు కార్డుల లెక్క నేనే కాగితం మీద వేశాను. ట్యూనింగ్ సరిచేసిన తర్వాత కూడా నెలకు వచ్చే నాణేల విలువ అదనపు కరెంటు ఖర్చులో సగానికి రాలేదు. వోల్టేజి ఇంకో మెట్టు తగ్గిస్తే పూడే గొయ్యి కాదది.

విద్యుత్ నియంత్రణ మండళ్ళకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. మంజూరు చేసిన ప్రయోజనానికి కాక మరో దానికి కరెంటు వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వినియోగంగా పరిగణించి రెట్టింపు రేటు వేయవచ్చు. గృహ కనెక్షన్ మీద రెండు మూడు కార్డులతో మైనింగ్ చేసే విద్యార్థి దాని కిందికి వస్తాడా రాడా అన్నది ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇంటి వినియోగదారుకు అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. తెలియక చేసినవాడికి జరిమానా నోటీసు ద్వారా తెలియజేయడం న్యాయం కాదు. మీ సాంకేతిక పేజీ నిర్వాహకులను కూడా కోరేదొకటుంది. ఏ కార్డు గురించి రాసినా హాష్‌రేటు పక్కన గోడ దగ్గర కొలిచిన వాట్లను, మన శ్లాబుల్లో దాని నెల ఖర్చును కూడా ముద్రించండి.

పాత కార్డులు అమ్మేవారి గురించి ఒక్క మాట. మైనింగ్ కోసం మెమరీ టైమింగులు (మెమరీ స్పందించే వ్యవధులు) బిగించి బయోస్, అంటే కార్డును నడిపించే లోపలి ప్రోగ్రాము, మార్చిన కార్డులను, ఆ మాట చెప్పకుండానే ఆటలాడే పిల్లలకు అమ్మేస్తున్నారు. తెర మీద రంగు చుక్కలు, గీతలు వస్తున్నాయని ఆ పిల్లలు నా దగ్గరికి వస్తే, చాలాసార్లు అసలు బయోస్ తిరిగి ఎక్కించడమే వైద్యం అవుతోంది. మైనింగ్‌లో వాడినంత మాత్రాన కార్డు పనికిరానిదేమీ కాదు, తక్కువ వోల్టేజిలో చల్లగా నడిచినది చాలాకాలం మన్నుతుంది కూడా. కొనేవారికి దాని చరిత్ర తెలియాలి, అంతే.

మా వీధి అబ్బాయి ఒక కార్డు తన కంప్యూటరుకు ఉంచుకుని, మిగిలిన రెండూ అమ్మడానికి నిర్ణయించుకున్నాడు. వాటికి ప్యాడ్లు మార్చి, అసలు బయోస్ ఎక్కించి, పెట్టెల మీద "మైనింగ్‌లో వాడినవి, బయోస్ మార్చి తిరిగి సరిచేసినవి" అని అతని చేతే రాయించాను. మొన్న ఆదివారం కొనడానికి వచ్చిన ఆయన ఆ మాట రెండుసార్లు చదువుకుని, గంటసేపు నడిపించి చూసుకుని, ఒక్కో దానికి ఐదు వందలు తగ్గించమని అడిగి, రెండూ తీసుకెళ్ళారు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మరమ్మతుదారు,
విజయవాడ.