మన సంగీతాభిమానుల సంఘం, విశాఖపట్నం: కార్యదర్శి వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఘంటసాల జయంతి, త్యాగరాజ ఆరాధన, పిల్లల పాటల పోటీ ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫోటోలు వాట్సాప్ గ్రూపులో అందరూ చూశారు కాబట్టి ఆ వివరాలు మళ్లీ రాయడం లేదు. నేను రాయాలనుకున్నది ఫిబ్రవరిలో చేసిన కచేరీ గురించి. పేరున్న గాయకులు ముగ్గురు గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ కలిసి పాడిన పాటలు మాత్రమే ఆ రోజు పాడాం. నేను కార్యదర్శి అయ్యాక ఇంత శ్రమపడిన కార్యక్రమం, ఇంత తృప్తినిచ్చిన కార్యక్రమం ఇంకొకటి లేదు.

యుగళగీతాలు మనకు లెక్కలేనన్ని. ముగ్గురు, నలుగురు పెద్ద గొంతులు ఒకే పాటలో దొరకడమే కష్టం. మాయాబజార్ (1957)లో గోపికలు యశోదకు చిన్ని కృష్ణుడి మీద చాడీలు చెప్పే పాటతో మొదలుపెట్టాం. అందులో పి. లీల, పి. సుశీల, స్వర్ణలత ముగ్గురూ పాడారు. మన మహిళా సభ్యులు ముగ్గురు ఎవరి వంతు వారు అందుకున్న తీరుకు వన్స్ మోర్ అడిగారు. పాడించాం కూడా.

అసలు పని 'మిలే సుర్ మేరా తుమ్హారా'తో పడింది. 1988 ఆగస్టు 15న దూరదర్శన్‌లో మొదటిసారి వచ్చిన జాతీయ సమైక్యతా గీతం ఇది. భీమ్‌సేన్ జోషి గొంతుతో మొదలై, లతా మంగేష్కర్ దాకా సాగుతుంది. తమిళ చరణం పాడింది మన శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు. ఆ మాట చెప్పినప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది. పాటలో ఉన్నవి 14 భాషలు. ఏ భాష లైను ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లే పాడాలని మనం పట్టుబట్టాం. విశాఖలో అది అయ్యే పనేనని నాకు ముందునుంచీ ధైర్యం. పోర్టు, స్టీల్ ప్లాంట్, నేవీ ఉన్న ఊరు కదా. ఒడియా, బెంగాలీ, మలయాళం, తమిళం వాళ్లు మన వీధుల్లోనే దొరికారు. పంజాబీ లైనుకు నేవీ క్వార్టర్స్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. అస్సామీకి ఆంధ్రా యూనివర్సిటీలో చదివే కుర్రాడు, సింధీకి బట్టల షాపు నడిపే పెద్దాయన. ఆయన జీవితంలో మొదటిసారి మైకు పట్టుకున్నారు. ఒక్క కశ్మీరీకే ఎవరూ దొరకలేదు. మన సంగీతం టీచరు గారు రెండు వారాలు విని విని ఆ లైను నేర్చుకుని పాడారు. ఆమెకు సంఘం రుణపడి ఉంటుంది.

మూడోది యువ సభ్యుల కోరిక మీద పెట్టిన 'వియ్ ఆర్ ద వరల్డ్'. ఇంగ్లీషు పాట మనకెందుకని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. ఆ పాట పుట్టిన కథ వాళ్లకు చెప్పాను. ఇథియోపియా కరువు బాధితుల కోసం మైకేల్ జాక్సన్, లయనెల్ రిచీ కలిసి రాశారు. 1985 జనవరి 28 రాత్రి హాలీవుడ్‌లోని ఒక స్టూడియోలో 40 మందికి పైగా గాయకులు చేరి తెల్లవారే దాకా రికార్డు చేశారు. అహంకారాన్ని గుమ్మం బయటే వదిలి రమ్మని ఆ రికార్డింగ్ నడిపించిన సంగీత నిర్మాత క్విన్సీ జోన్స్ ముందే కాగితం రాసి పెట్టారు. ఎవరు ఎక్కడ నిలబడాలో నేల మీద టేపు అంటించి పేర్లు రాశారు. రే చార్లెస్ అంతటివాడికీ వచ్చింది కొన్ని లైన్లే. బాబ్ డిలాన్ తన లైను ఎలా పాడాలో తోచక తడబడితే, స్టీవీ వండర్ పియానో దగ్గర కూర్చుని డిలాన్ గొంతులోనే పాడి వినిపించారు. ఇది విన్నాక పెద్దలు ఇంకేమీ అనలేదు.

మనమూ స్టేజీ మీద సుద్దతో పేర్లు రాసుకున్నాం. మైకులు నాలుగే, పాడేవాళ్లు 20 మందికి పైగా. ఒకరు పాడి పక్కకు జరగగానే ఇంకొకరు అదే చోటికి రావాలి. ఒక్క అడుగు ఆలస్యమైతే లైను పోయినట్టే. అందుకే ఇలాంటి పాటకు రిహార్సల్ ప్రాణం. ఈ మాట బాధతోనే రాస్తున్నాను. తొమ్మిది రిహార్సల్స్‌లో కార్యవర్గ సభ్యులు సగం మంది కూడా రాలేదు. "ఒక్క లైను కోసం ఇంత దూరం రావాలా" అని ఇద్దరు మంచి గాయకులు మధ్యలో మానేశారు. వాళ్ల లైన్లు చివరి రోజు వేరేవాళ్లకు ఇవ్వాల్సి వచ్చింది. ఆ రోజు నేను పడ్డ టెన్షన్ ఎవరికీ రాకూడదు. సింధీ పెద్దాయన కూడా ఒక్క లైనుకే వచ్చారు, తొమ్మిది సార్లూ వచ్చారు.

హాలు అనుమతి కోసం ఒక కార్యాలయం చుట్టూ ఐదుసార్లు తిరిగాం. కాగితం చేతికి వచ్చింది ముందురోజు సాయంత్రం. వచ్చే ఏడాది ఈ పనికి నాతో ఇంకొకరు రావాలి. ఒంటరిగా నా వల్ల కాదు.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో సభ్యులందరికీ పంచాం. కచేరీ ఖర్చు అనుకున్నదానికంటే పెరిగింది, విరాళాలతో సరిపోయింది. బాకీ ఉన్న చందాలు ఈ నెలాఖరులోగా కట్టాలి.

కీబోర్డు, తబలా కళాకారులకు, సౌండ్ చూసిన కుర్రాళ్లకు, రిహార్సల్స్‌కు తమ మేడ మీద గది ఇచ్చి తొమ్మిదిసార్లూ టీ పెట్టిన దంపతులకు, వాలంటీర్లుగా కుర్చీలు మోసిన ఇంటర్ పిల్లలకు, దాతలకు పేరుపేరునా కృతజ్ఞతలు.

వచ్చే ఏడాది కచేరీకి పాటల ఎంపిక జూన్‌లో మొదలవుతుంది. పాడాలనుకునేవాళ్లు పేరుతో పాటు, వారంలో ఏ రోజు రాగలరో కూడా రాసి ఇవ్వండి. కశ్మీరీ మాట్లాడే కుటుంబం ఎవరికైనా తెలిస్తే నాకు ఫోన్ చేయండి.

ఇట్లు,
కార్యదర్శి