నీళ్లు పోయాలా, వద్దా?

సంపాదకుడికి,

మార్చి 4న మా చుట్టుపక్కల కంపెనీల్లో జరిగిన జాతీయ భద్రతా దినోత్సవం ఫొటోలు మీ జిల్లా పేజీలో చూశాను. అవే ఫ్లెక్సీలు, అదే ప్రతిజ్ఞ. ట్రేలో డీజిల్ పోసి అంటించడం, సిలిండర్‌తో ఆర్పడం, చప్పట్లు. చౌటుప్పల్ దగ్గర ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో పదకొండేళ్లు పనిచేశాను కాబట్టి ఆ చప్పట్లు నేనూ కొట్టాను. కానీ మా ప్లాంట్‌లో భయపడాల్సింది డీజిల్‌కి కాదు.

అగ్గిపుల్ల అక్కర్లేకుండా, గాలి తగిలితేనే అంటుకునే రసాయనాలు ఉంటాయి. గాలి సోకిన 5 నిమిషాల్లోపు అంటుకునేవాటిని ఈ కోవలో చేరుస్తారు గానీ, కొన్నిటికి క్షణం చాలు. బ్యూటైల్ లిథియం అలాంటిది. హెక్సేన్ అనే ద్రావకంలో కలిసి సిలిండర్లలో వస్తుంది, గాలి చొరబడకుండా నైట్రోజన్‌తో రియాక్టర్‌లోకి, అంటే రసాయనాలు కలిపే పాత్రలోకి తోయాలి. అంటుకుంటే దాని మీద నీళ్లు పోయకూడదు, మంట ఇంకా రెచ్చిపోతుంది. పక్క బ్లాకులోనే రేనీ నికెల్, పల్లాడియం కార్బన్ అనే, రసాయన చర్యను వేగం చేసే లోహపు పొడులు ఉంటాయి. వీటిదంతా తిరకాసు. తడిగా ఉన్నంతసేపే బుద్ధిగా ఉంటాయి, ఆరితే అంటుకుంటాయి.

ఒక నైట్ షిఫ్ట్‌లో హైడ్రోజినేషన్ (ఆ పొడుల సాయంతో సరుకుకు హైడ్రోజన్ పట్టించే పని) అయిపోయాక ఫిల్టర్ విప్పి క్లాత్ బయటికి తీశాం. దానికి ఆ రకం నల్లటి పొడి అంటి ఉంది. ఆ క్లాత్‌ను నీళ్ల డ్రమ్ములో ముంచాలని ఒడిశా నుంచి వచ్చి మూడు వారాలైన హెల్పర్ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో తువ్వాలు ఆరేసినట్టు రెయిలింగ్ మీద ఆరేశాడు. కాసేపటికి అంచు వెంట ఎర్రటి చుక్కలు లేచాయి, కుంపట్లో బొగ్గు మీద ఊదితే కనిపిస్తాయే, అట్లా. నాలుగడుగుల దూరంలో మిథనాల్ డ్రమ్ము, అది తేలిగ్గా అంటుకునే ద్రవం. మూత బిగించి ఉంది కాబట్టి బతికిపోయాం. నేను బకెట్ నీళ్లు కుమ్మరించాను. అది నీళ్లు పోయాల్సిన సరుకే కావడం మా అదృష్టం. బ్యూటైల్ లిథియం అయినా నా చెయ్యి ముందు బకెట్ మీదికే పోయేది. ఆ సంగతి రిజిస్టర్‌లో ఎక్కలేదు.

ఇసుక ఉంటుంది కదా అంటారు. పొడి ఇసుకైతే పనికొస్తుంది. మా ఎర్ర బకెట్లు వానకు తడిసి ముద్దయి, బీడీ ముక్కలతో ఉండేవి.

2008 డిసెంబరులో అమెరికాలో, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 23 ఏళ్ల పరిశోధన సహాయకురాలు ఇలాంటి లిథియం ద్రావణం సిరంజితో తీస్తుండగా అది బయటికొచ్చి అంటుకుంది. ల్యాబ్ కోటు లేదు, ఒంటి మీద సింథటిక్ స్వెటర్. 18 రోజుల తర్వాత చనిపోయింది. అంత పెద్ద చోటే అట్లా జరిగితే, సొంత నైలాన్ టీషర్టులతో డ్యూటీకొచ్చే మన హెల్పర్ల సంగతేమిటి?

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో మందుల ముడిసరుకు ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లే. ప్రమాదం రకం వేరు కావచ్చు, మన దగ్గర పనిచేసేదీ వాళ్లలాంటివాళ్లే. సరుకు జాగ్రత్తల కాగితాలు మాత్రం ఇంగ్లిష్‌లో, ఆఫీసు బీరువాలో ఉంటాయి. స్టోర్ తలుపు మీద, ప్రతి డ్రమ్ము మీద తెలుగు, హిందీ, ఒడియాల్లో 'నీళ్లు పోయాలి' లేదా 'పోయకూడదు' అని బొమ్మతో సహా రాయడానికి ఎంత ఖర్చవుతుంది? ఏ సరుకుకు నీళ్లు పోయాలో, దేనికి వద్దో ఆ జాబితా దగ్గరి ఫైర్ స్టేషన్‌కూ ఇవ్వాలి. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం చుట్టుపక్కల జనానికి ముప్పు గురించి చెప్పాలి, ఆర్నెల్లకోసారి మాక్ డ్రిల్ చేయాలి. పరిమితికి మించి నిల్వ ఉంటేనే అవి వర్తిస్తాయని కంపెనీలు అనొచ్చు. మా క్లాత్ మీది పొడి గుప్పెడు కూడా లేదు.

ఇదంతా ఫ్యాక్టరీ గోడల లోపలి గొడవ కూడా కాదు. ఈ సరుకు 65వ నంబరు హైవే మీదనే వస్తుంది. ఏ లారీ అయినా చౌటుప్పల్ దగ్గర బోల్తా పడితే హోటళ్ల నుంచి బకెట్లు పట్టుకుని ముందుగా పరిగెత్తేది మనవాళ్లే. లారీ మీద డైమండ్ ఆకారంలో పైసగం తెల్లగా, కిందిసగం ఎర్రగా మంట గుర్తు ఉంటే అది తనంతట తానే అంటుకునే సరుకు. పక్కన నీలి రంగులో మంట గుర్తు కూడా ఉంటే నీళ్లు పోయకూడదు, దూరం జరిగి ఫోన్ చేయాలి. ఆ రెండు గుర్తుల ఫొటోలు మీ జిల్లా పేజీలో ఒక్కసారి వేయండి.

– ఒక మాజీ ప్లాంట్ ఆపరేటర్, చౌటుప్పల్, యాదాద్రి భువనగిరి జిల్లా