మూడు చుక్కల కత్తులు వెనక్కి తెచ్చివ్వండి

అందరికీ నమస్కారం. బరంపురం కోర్టుపేటలో మా కొలిమి దగ్గర కత్తులు కొన్నవాళ్ళందరికీ ఈ మాట. కిందటి దసరా నుంచి మొన్న సంక్రాంతి దాకా నేను అమ్మిన కత్తుల్లో, పిడి పక్కన వీపు మీద మూడు చుక్కలు కొట్టినవి, అంటే పాత బేరింగుల ఉక్కుతో చేసినవి, నలభై ఒకటి ఉన్నాయి. అవన్నీ వెనక్కి కావాలి. బాగా తెగుతున్నా సరే, తీసుకురండి. బదులు కత్తి ఇస్తాను, డబ్బే కావాలంటే డబ్బిస్తాను. బిల్లు అక్కర్లేదు. నేను సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చిన బిల్లులు ఎవరి దగ్గరా ఉండవని నాకు తెలుసు.

సంగతి ముందు తెలిసింది పెద్ద బజారులో చేపలు కోసే ఒక అమ్మ వల్ల. మా నాన్న కాలం నుంచి మా ఖాతాదారు. పొద్దున్నే వచ్చి కత్తి నా ముందు పడేసింది. "ఏటి బావూ, కొత్త ఉక్కన్నావు. నాలుగు వంజరాలు కోసేసరికి మడతడిపోనాది. మీ నాన్న కత్తయితే నెల్లాళ్ళు ఉండీది" అంది.

గుమ్మం దగ్గర వెలుతురుకి ఎత్తి చూశాను. పదునున్న అంచు కంటికి కనపడదు, మొద్దుబారిన అంచు సన్నటి తెల్ల గీతలా మెరుస్తుంది. దీనికి చివరి నుంచి పిడి దాకా గీతే. గోరుతో అడ్డంగా గీస్తే ఒక పక్క జారిపోతోంది, ఇంకో పక్క పట్టుకుంటోంది. అంటే అంచు ఊడలేదు, అరగలేదు, ఒరిగిపోయింది. ఉక్కు పెళుసైతే పళ్ళు ఊడినట్టు ఊడుతుంది. మెత్తనైతే ఇలా మడత పడుతుంది. కానీ ఇది బేరింగు ఉక్కు! నీరు పెట్టాక (అంటే కాల్చి ముంచి గట్టిపరిచాక) ఆకురాయి వేసి నేనే చూశాను, గాజు మీద జారినట్టు జారింది, అంత గట్టిగా ఉంది.

తప్పు ఎక్కడుందో పట్టుకోడానికి నాలుగు రోజులు పట్టింది. మొదట్లో నేను చేసిన మూడు నమూనా కత్తులు ఒక పెద్ద మోటారు బాల్ బేరింగు బయటి రింగుతో చేసినవి. అద్భుతంగా వచ్చాయి. ఆ ధైర్యంతో పాతినుము కొట్లో దొరికిన లారీ హబ్ బేరింగులు బస్తాడు కొన్నాను. ఇక్కడే బోల్తా పడ్డాను. బాల్ బేరింగు మామూలుగా పైనుంచి లోపలిదాకా ఒకటే ఉక్కు. మనం ఈఎన్-31 అనేది అదే, కార్బన్ సుమారు ఒక శాతం, క్రోమియం ఒకటి నుంచి ఒకటిన్నర దాకా. లారీ చక్రాల్లో వేసేవి రోలర్లు ఏటవాలుగా ఉండే రకం. వాటిలో చాలావాటిని తక్కువ కార్బన్ ఉక్కుతో చేసి, పైపొరకి మాత్రమే కార్బన్ పట్టిస్తారు. గుంతల్లో దెబ్బలు తిన్నా పగలకూడదని లోపల మెత్తగా ఉంచుతారు. బండికి అదే మంచిది.

బూరె అనుకోండి. పైన గట్టి తొక్క, లోపల పూర్ణం. నేను ఆ బూరెని సమ్మెటతో సాగగొట్టి, రెండు పక్కలా సాన పట్టి, సరిగ్గా మధ్యలో అంచు తీశాను. అంచుకి వచ్చింది పూర్ణమే. ఏ ఉక్కో పోల్చుకోడానికి సాన మీద పెట్టి నేను రవ్వలు చూసింది పైపొర మీద, ఆకురాయి వేసింది పక్క మీద. రెండూ తొక్కే. అసలు కోసే చోట ఒక్కసారీ చూడలేదు. నలభై ఒకటిలో కొన్ని మంచివే అయ్యుండొచ్చు, కానీ బయటి నుంచి చూసి చెప్పడం నా వల్ల కాదు. అందుకే అన్నీ రమ్మంటున్నాను. ఇక మీదట ఈఎన్-31 కత్తి అంటే టెస్ట్ సర్టిఫికెట్ ఉన్న కొత్త కడ్డీతోనే. ప్రతి కడ్డీ నుంచి ఒక ముక్క కోసి, నీరు పెట్టి, విరిచి, లోపల రేణువు చూశాకే మిగతాది కొలిమిలోకి వెళ్తుంది. కత్తికి డెబ్బై రూపాయలు పెరుగుతుంది. ఆ పెంపు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్ళకి లేదు.

ఇంతదాకా వచ్చాను కాబట్టి డీ-2 అనే ఇంకో రకం ఉక్కు సంగతి కూడా చెప్పేస్తాను. ఫోనులో వీడియోలు చూసి "డీ-2 కత్తి ఉందా అన్నా" అని కుర్రాళ్ళు రెండేళ్ళుగా అడుగుతున్నారు. తెప్పించాను. కార్బన్ ఒకటిన్నర శాతం, క్రోమియం పన్నెండు, మోలిబ్డినం, వనేడియం చెరో ఒక శాతం దగ్గర. దీన్ని వెయ్యి డిగ్రీలు దాటించి నిలకడగా ఉంచాలి. మా బొగ్గు కొలిమిలో అది కుదరని పని. వేరే ఊళ్ళో కొలతలుండే ఫర్నేస్‌కి పంపి గట్టిపరిపించాను. వాళ్ళ పనికి వంక లేదు. రాక్‌వెల్ కొలతలో గట్టిదనం 61 అని రాసిచ్చారు.

జనపనార తాడు చెక్క మీద పెట్టి కోస్తూ, మధ్యమధ్యలో పాత పేపరు తెగుతుందా లేదా చూస్తూ, నా దగ్గరున్న నాలుగు రకాలకీ ఒకటే కోణం పెట్టి పోటీ పెట్టాను. డీ-2 అన్నిటికన్నా చివరిదాకా నిలిచింది, అదీ చాలా తేడాతో. తర్వాత అసలు ఈఎన్-31, ఆ తర్వాత లారీ కమాను పట్టీ. మెత్తటి స్టెయిన్‌లెస్ అందరికన్నా ముందు చేతులెత్తేసింది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో కాట్రా అనే సంస్థ ఇదే పని యంత్రంతో చేస్తుంది. 5 శాతం ఇసుక కలిపిన అట్టని కత్తితో కోయించి, మొత్తం ఎంత తెగిందో కొలుస్తుంది. అక్కడా కార్బైడులు ఎక్కువున్న ఉక్కే గెలుస్తుంది. కార్బైడంటే ఉక్కులో కార్బన్, లోహం కలిసి కట్టిన గట్టి రేణువు. అరుగుదలని ఆపేది అదే.

ఆ తాడు పోటీ చూసి నేను మురిసిపోయి ఇరవై డీ-2 కత్తులు అమ్మాను. పదకొండు తిరిగొచ్చాయి. సగం వాటి అంచు ఎలక కొరికినట్టుంది. ఒకాయన వీపుతో కొట్టాల్సిన కొబ్బరికాయని అంచుతో కొట్టాడు. ఒకావిడ మామిడికాయ టెంక మీద వేసింది. తాడు పక్కకి లాగదు, ఎదురు తన్నదు. మన వంటింట్లో ఉండేదంతా ఎదురు తన్నేదే. డీ-2లో కార్బైడులు ముతకగా, గుంపులుగా ఉంటాయి. నేనేమో దానికి సన్నటి అంచు తీశాను, ఒక్కో పక్కకి పదిహేను డిగ్రీలు. అది నా తెలివితక్కువతనం.

మిగతా సగం పాడు కాలేదు, మొద్దుబారాయంతే. "నూరితే నూరుకోవడం లేదు" అన్నారు. దేని మీద నూరారని అడిగితే ఒకరు గుమ్మం రాయి అన్నారు, ఒకరు కాఫీ కప్పు అడుగు, ఒకరు తాతగారి సానరాయి. సహజమైన సానరాయిలో కోసే పదార్థం ఇసుకలో ఉండే క్వార్ట్జే. డీ-2లోని క్రోమియం కార్బైడు క్వార్ట్జ్ కన్నా గట్టిది. మీరెంత రుద్దినా చుట్టూ ఉన్న ఉక్కు అరుగుతుంది గానీ ఆ రేణువులు అరగవు. బజారులో దొరికే అల్యూమినియం ఆక్సైడ్ రాయి అయితే పట్టుకుంటుంది, ఓపికుండాలి. పన్నెండు శాతం క్రోమియం ఉన్నా డీ-2 మచ్చలెందుకు పడుతోందని కూడా అడిగారు. ఆ క్రోమియంలో చాలా భాగం కార్బైడుల్లోనే కట్టుబడిపోతుంది, తుప్పుని ఆపడానికి మిగిలేది కొంచెమే.

డీ-2తో సంతోషంగా ఉన్నది ఒక్కరు, కర్రీ పాయింట్ నడిపే తమ్ముడు. రోజూ బస్తా ఉల్లిపాయలు, ప్లాస్టిక్ బోర్డు, సరైన రాయి. అతనికి అది బంగారం. మిగిలిన కత్తులు అలాంటివాళ్ళకే ఇస్తాను. కొత్త ఆర్డర్లు తీసుకోను.

మా నాన్న ఇవన్నీ చూసి ఏమీ అనలేదు, నవ్వాడంతే. ఆయన జీవితమంతా కమాను పట్టీ తప్ప వేరే ఉక్కు ముట్టుకోలేదు. ఈఎన్-45 రకం, కార్బన్ అర శాతం పైచిలుకు, సిలికాన్ ఒకటిన్నర నుంచి రెండు. నిలకడలో తాడు పోటీ గెలవదు, కానీ ఇది విరగదు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఎవరెవరు ఏ చెట్లు నరికారో మీకు గుర్తుండే ఉంటుంది. కరెంటు లేదు, రంపాలు లేవు, మా వీధి మొత్తం రెండు కత్తులు, ఒక గొడ్డలితో దారి చేసుకుంది. ఆ రెండు కత్తులూ ఇప్పటికీ మా గోడకున్నాయి. అంచు మీద గాట్లున్నాయి, పగులు లేదు.

ఆయన కత్తిని గట్టిపరిచి, టెంపర్ చేసే (మళ్ళీ కొద్దిగా వేడిచేసి పెళుసు తగ్గించే) తీరు చూసినవాళ్ళకి తెలుస్తుంది. కొలిమి పక్కన తీగకి అయస్కాంతం వేలాడుతుంటుంది. ఎర్రగా కాలిన పట్టీ దానికి అంటుకోవడం మానేస్తే 770 డిగ్రీలు దాటినట్టు. ఇంకాస్త కాల్చి, నారింజ రంగు మీద నూనెలో ముంచుతాడు. చల్లారాక ఒక పక్క ఇటుక ముక్కతో రుద్ది తెల్లగా చేసి, కాలిన ఇనుప దిమ్మె మీద వీపు ఆనిస్తాడు. రంగులు వీపు నుంచి అంచు వైపు పాకుతూ వస్తాయి. ముందు ఎండుగడ్డి, దాని వెనక బెల్లం, దాని వెనక వంకాయ, చివర నెమలి కంఠం. అంచుకి గడ్డి రంగు చేరగానే నీళ్ళలో పెట్టేస్తాడు. అప్పటికి వీపు నీలంగా ఉంటుంది, అంటే 300 డిగ్రీల దగ్గర మెత్తబడి దెబ్బ తట్టుకుంటుంది. అంచు 220 దగ్గర ఆగి గట్టిగా ఉంటుంది. ఒకే కత్తికి రెండు గుణాలు. మామిడికాయ కత్తిపీటకి మాత్రం అంచు కూడా బెల్లం రంగు దాటేదాకా ఆగుతాడు, టెంక కోసం. పాత పట్టీలో కంటికి కనపడని చీలికలుంటాయి, నూనెలో పెట్టగానే టిక్కుమని శబ్దం వస్తే అది తుక్కులోకే.

స్టెయిన్‌లెస్ గురించి ఎక్కువ చెప్పను. చవకవి 420 రకం. పేరు విని నవ్వకండి. మోసానికి ఉన్న సెక్షన్ నంబరు 2024 జూలై 1 నుంచి 318 అయిపోయింది, పాపం ఉక్కు మాత్రం 420గానే మిగిలింది. దానికన్నా పై మెట్టు, నేను తెప్పించే జర్మన్ రకం 1.4116. కార్బన్ అర శాతం, క్రోమియం పదిహేను. వారానికోసారి నూరుకోవాలి, కానీ రెండు నిమిషాల్లో నూరుకుంటుంది. కత్తిని రాత్రంతా సింకులో వదిలేసే ఇళ్ళకి (మా ఇల్లూ అంతే) నేనిచ్చేది ఇదే. అరటికాయ, పచ్చిమామిడి ముక్కలు నల్లబడకూడదన్నా ఇదే. చేపల వాళ్ళకి మాత్రం తుప్పు భయం లేదు. ఉప్పునీళ్ళలో తడిసినా రోజూ పొద్దున్నే నూరుతారు, తుప్పు పట్టే తీరికెక్కడుంది? వాళ్ళకి ఈఎన్-31, అసలైనది. పెద్ద ముళ్ళు నరికేదానికి కమాను పట్టీ. మొగలి పొదల్లోకి వెళ్ళేవాళ్ళకి, ఇచ్ఛాపురం, సోంపేట వైపు కొబ్బరితోటల వాళ్ళకి ఇంకో మాట లేదు, కమాను పట్టీయే.

ఇన్ని పరీక్షల్లో నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది ఉక్కు కాదు, కోణం. నాన్న చేసిన పల్చటి కమాను పట్టీ కత్తి ఒకటి, నేను భయపడి మందంగా తీసిన డీ-2 ఒకటి పక్కపక్కన పెట్టి టమాటాలు కోయించాను. డీ-2 అంచు చెక్కుచెదరలేదు. కానీ మందం వల్ల మొదటి రోజు నుంచే టమాటాని నొక్కుతోంది. పల్చటిది కొంత పదును పోయాక కూడా దానికన్నా హాయిగా తెగింది. అందుకే ఇప్పుడు ఎవరైనా "ఏ ఉక్కు" అని అడిగితే, నేను ఎదురు ప్రశ్న వేస్తున్నాను: ఏం కోస్తారు, దేని మీద కోస్తారు, ఎవరు నూరుతారు? గ్రానైట్ గట్టు మీద, స్టీలు పళ్ళెంలో కోసేవాళ్ళకి ఏ ఉక్కూ నిలవదు, ముందు చెక్కపీట కొనుక్కోండి.

ఇంట్లో నూరుకునేవాళ్ళు కాగితం మూలని సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడవండి. వచ్చిన కోణం 22 డిగ్రీల పైచిలుకు. దాన్ని రాయి మీద పెట్టి కత్తిని ఆనించి చూసుకోండి. కూరగాయల కత్తికి దానికన్నా కొంచెం తగ్గించండి. చేపలు, మాంసం అయితే అంతే ఉంచండి.

తిరిగొచ్చిన డీ-2లకి నేను ఇరవై రెండు డిగ్రీల అంచు ఉచితంగా తీసిస్తాను, రాయి కావాలంటే కొన్న ధరకే ఇస్తాను. మూడు చుక్కలవి ఏ రోజైనా తేవచ్చు, మంగళవారం తప్ప. ఆ రోజు సాన పట్టే పని ఎక్కువ, మీతో మాట్లాడే వీలుండదు. దూరం నుంచి వచ్చేవాళ్ళు బస్సు కండక్టరు చేత పంపినా తీసుకుంటాను, లోపల చీటీ మీద పేరు రాయండి, అంచుకి గుడ్డ చుట్టండి. కిందటిసారి ఒకరు చుట్టకుండా పంపితే కండక్టరు నాతో వారం రోజులు మాట్లాడలేదు.

సాన పట్టాల్సిన ఆవకాయ కత్తిపీటలు మాత్రం ఈ నెలలోనే ఇచ్చేయండి. ఏప్రిల్‌లో తెస్తే మే చివర్లో గానీ చేతికి రావు, అప్పటికి కాయ ముదిరిపోతుంది, తిట్లు నాకు పడతాయి.